నాగలి ముద్ర

"గురువుగారూ, ఒక అబద్ధం వల్ల ఒక మనిషి సంతోషంగా ఉన్నాడు. ఎవరికీ నష్టం లేదు. దాన్ని బయటపెట్టి తీరాలా?"

హైమావతి అడిగిన ప్రశ్న ఇది. పాత నాణేలు సేకరించే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయన దగ్గరున్నవన్నీ పరిశీలించి వచ్చింది. ఆయన అన్నిటికన్నా మురిసిపోతూ చూపించిన నాణెం మీది ముద్ర ఈమధ్య ఎవరో కొట్టిందేనని ఆమెకు తెలిసిపోయింది. ఆయనకు చెప్పలేక నోరు మూసుకుని వచ్చేసింది.

ఆమెకు నాణేల చదువు నేర్పిన కూర్మనాథం గారు వాదనకు దిగే మనిషి కాదు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని, పార్వతీపురంలో తనకు తెలిసిన ఇద్దరు స్నేహితుల సంగతి చెప్పారు.

వాళ్లలో ఒకరు సింహాద్రప్పడు గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయినవారు. రెండోవాడు అప్పలాచారి, బంగారప్పని చేసేవాడు. సింహాద్రప్పడు గారికి పైముద్రల నాణేలంటే ప్రాణం. ఒక రాజ్యం నాణెం ఇంకోచోటికి చేరినప్పుడు, అక్కడి ప్రభువు 'ఇది మా దగ్గరా చెల్లుతుంది' అని దానిమీద చిన్న గుర్తు కొట్టించేవాడు. అదే పైముద్ర. మేఘవరం జమీలో నాగలి గుర్తు కొట్టేవారని ఆయన చిన్నప్పుడు తాతగారి నోట విన్నారు. ఆ నాణెం మాత్రం ఎవరూ చూడలేదు. అది ఒట్టి కట్టుకథ అని సదస్సుల్లో పండితులు నవ్వేవారు. ఆయన పట్టు వదల్లేదు. సంత జరిగినప్పుడల్లా పాత రాగి కొనే కొట్టు ముందు గోనె పరుచుకుని తుక్కంతా ఏరేవారు.

భార్య పోయాక ఏరడం మానేశారు. నాణేల పెట్టె తెరవలేదు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవారు. "ఆ నాగలి లేదు ఆచారీ. లేదని వాళ్లు ఎప్పుడో చెప్పారు, నేనే వినలేదు" అన్నారొకనాడు.

అప్పలాచారి ఆ మాట తట్టుకోలేకపోయాడు. ఉక్కుముక్క మీద నాగలి చెక్కి, నిజమైన పాత రాగి నాణెం మీద కొట్టాడు. చింతపండు పులుసులో, తడి బూడిదలో నానేసి కొత్త మెరుపు పోగొట్టాడు. దాన్ని కొట్టు ముందటి తుక్కులో కలిపేసి, స్నేహితుణ్ణి బతిమాలి సంతకు తీసుకెళ్లాడు.

నాణెం సింహాద్రప్పడు గారి వేళ్లకు తగిలింది. ఇంకొకరి చేతిలో చూసి ఉంటే ఆయనే అనుమానించేవారు. ఇది తన చేతికి దొరికింది. అప్పలాచారి భుజం మీద తల ఆన్చి, సంతలో జనం చూస్తుండగా ఏడ్చారు. ఆ పూట కడుపునిండా తిన్నారు. వ్యాసం రాశారు. నవ్విన పండితులే పిలిచి శాలువా కప్పారు. అప్పలాచారి వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. తను చేసింది మంచిపనేనని అతని నమ్మకం. మనిషి బతికి వచ్చాడు కదా!

కొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం పైడితల్లి అనే రైతుకూలీ చిరునామా వాకబు చేసుకుంటూ సింహాద్రప్పడు గారి ఇంటికి వచ్చింది. అప్పటికి అప్పలాచారి కూడా వసారాలో ఉన్నాడు. ఆమె కొంగుముడి విప్పింది.

"పసుపు తవ్వుతుంటే కుండ తగిలింది బాబూ. మీరు ఇలాటివి సూస్తారంట కదా, ఇయ్యేటో సెప్పండి."

చిలుము పట్టిన రాగి నాణేలు. వాటిలో కొన్నిటి మీద నాగలి ఉంది.

సింహాద్రప్పడు గారు తన నాణెం తెచ్చి పక్కన పెట్టి, భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. తనదాని మీద నాగలి కర్రు కుడివైపు తిరిగి ఉంది. వీటిమీద ఎడమవైపు. చేత్తో పట్టుకునే మేడి వంపు కూడా వేరు. ఆయన భూతద్దం కింద పెట్టి మెల్లగా అన్నారు: "అమ్మా, ఇవి దొంగ ముద్రలు. నా వ్యాసం చదివి ఎవరో తయారుచేసి పాతిపెట్టారు. నీ తప్పేం లేదు. కానీ ఎవరికీ చూపించకు, నిన్నే అనుమానిస్తారు."

అప్పలాచారి కూడా చూశాడు. నాణెం మీది చిలుమే ముద్ర లోపలా ఉంది. నాణెం అరిగినంతే ముద్రా అరిగింది. అవి అసలువని అతనికి చూడగానే అర్థమైంది. మాట గొంతుదాకా వచ్చింది. పక్కనే స్నేహితుడి ముఖం కనిపించింది. మాట ఆగిపోయింది. పైడితల్లి నాణేలు ముడివేసుకుని, తలవంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారగానే అతను ఆమె ఊరికి పరిగెత్తాడు. "అనుమానిస్తారన్నారు కదా బాబూ, బయమేసి నిన్ననే పాత రాగి కొనే బిందెలోడికి ఇచ్చీసినాను" అంది. అప్పలాచారి ఆ బిందెలవాడి దగ్గరికి వెళ్లేసరికి ఆ రాగి కొలిమిలో కరిగి ముద్దయింది.

అక్కణ్ణుంచి నేరుగా స్నేహితుడి దగ్గరికి వచ్చి, ఉక్కుముక్క ముందుపెట్టి అంతా చెప్పేశాడు. సింహాద్రప్పడు గారు అరవలేదు. తిట్టలేదు. ఒకే మాట అడిగారు. "వాటి మేడి పైన చుక్క ఉందా, ఆచారీ?"

"లేదనుకుంటాను."

"ఉన్నట్టు నాకు గుర్తు."

ఇద్దరూ సుద్దముక్క తీసుకుని, ఎవరికి గుర్తున్నట్టు వాళ్లు గచ్చు మీద గీసి చూసుకున్నారు. చీకటి పడేదాకా గీశారు. రెండు బొమ్మలూ కలవలేదు. తర్వాత ఆయన తన వ్యాసం తప్పని తనే పత్రికకు రాశారు. నాగలి ముద్ర నిజంగా ఉందని, తాను కళ్లారా చూశానని కూడా రాశారు. మొదటి మాట అచ్చువేశారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కూర్మనాథం గారు అక్కడితో ఆపారు. హైమావతి "తప్పు ఎవరిదంటారు?" అని అడిగింది.

"ఆ మధ్యాహ్నం వసారాలో ఉన్న ముగ్గురూ మంచివాళ్లేనమ్మా" అన్నారాయన. "ఎండనపడి వచ్చిందని పైడితల్లికి మజ్జిగ కూడా ఇచ్చారు."