పాలెవరివని అడగని సుంకులమ్మ

అనగనగా కొండ అంచున ఒక రాళ్ళ ఊరుండేదట. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. ఊ కొట్టవే పిల్లా, లేకపోతే నువ్వు వింటున్నావని నాకెలా తెలుస్తుంది?

సుంకులమ్మకు మేకలంటే ప్రాణం. మేకను ఒక్కసారి చూస్తే చాలు, దాని మంచీ చెడూ చెప్పేసేది. ఆ సంగతి ఊరివాళ్ళకంటే ముందు ఆమే చెప్పుకునేది.

ఒక ఏడాది వానాకాలంలో మేకలకు పారుడు రోగం వచ్చింది. ఆమె మేకల మందంతా చచ్చిపోయింది, ఒక్క మేకా మిగల్లేదు. సుంకులమ్మ మూడు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత కాళ్ళ కడియాలు అమ్మేసింది. ఆ డబ్బుకు ఒక్క ఆడమేక వస్తుంది. అది మంచిదైతే మళ్ళీ మంద అవుతుంది. కాకపోతే ఎండలో కంకర కొట్టుకుని బతకాల్సిందే.

అప్పుడు సంతకు పోయింది. మొదటి మేక నిగనిగలాడుతోంది. సుంకులమ్మ దాని కనురెప్ప తిప్పి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంది. కడుపు నిండా పురుగులే, పైకి మాత్రం నూనె రాసి తెచ్చారు. వద్దంది.

ఆ తర్వాత రెండో మేక. అమ్మేవాడు తొలిచూలుదన్నాడు. మూతి తెరిచి చూస్తే పళ్ళు అరిగిపోయి, రెండు ఊడిపోయి కూడా ఉన్నాయి. "ఇది నాకంటే పెద్దదిలే" అని నవ్వి ముందుకు నడిచింది.

మూడో మేకను పట్టుకుని ఓబులేసు అనే అతను సంతలో ఒక మూల నిలబడ్డాడు. బూడిదరంగు మేక. కనురెప్ప లోపల ఎర్రగా ఉంది. పళ్ళు గట్టిగా ఉన్నాయి. పొదుగు మెత్తగా, రెండు వైపులా ఒక్కలా నిండి ఉంది, ఎక్కడా గడ్డ లేదు. సుంకులమ్మ ఇంకేమీ ఆలోచించకుండా కొనేసింది.

మేకను అమ్మినవాళ్ళు తాడు ఇవ్వరు, ఇస్తే ఇంట్లో పాడి పోతుందని వాళ్ళ నమ్మకం. ఓబులేసు తన తాడు విప్పుకున్నాడు. విప్పుకుంటూ ఆమె ముఖం వైపు చూడలేదు. మేకను చూసుకునే సంబరంలో సుంకులమ్మా అతని ముఖం చూడలేదు.

ఇంటికి తెచ్చాక మొదటి రోజు ఆ మేక తుమ్మ చిగుళ్ళు ముట్టలేదు. రెండో రోజు కుడితి తాగలేదు. మూడో రోజు తూర్పు వైపు తిరిగి గొంతు పోయేలా అరిచింది. "నీ కంటికేమయింది సుంకులక్కా?" అని పక్కింటివాళ్ళు అడిగారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మళ్ళీ కన్ను చూసింది, పన్ను చూసింది. రెండూ బాగానే ఉన్నాయి. పొదుగు ముట్టుకుంటే బిగిసిపోయి, పాలు నేలమీదికి కారుతున్నాయి. అప్పుడు తెలిసింది ఆమెకు. పొదుగు చూసింది గానీ, ఆ పాలు ఎవరివని అడగలేదు. ఎంత తెలివిగలదో చూడు!

తాడు విప్పేసింది. మేక పరుగు, వెనకాలే సుంకులమ్మ పరుగు. కొండ ఎక్కి, వాగు దాటి, జొన్నచేను పక్కన ఒక గుడిసె ముందు ఆగారు. అక్కడ ఓబులేసు గుడ్డను గంజిలో ముంచి ఒక మేకపిల్ల నోట్లో పెడుతున్నాడు. అది తాగడం లేదు. దాని ముందుకాలు ఒకటి వంకరగా ఉంది. తల్లిని చూడగానే కుంటుకుంటూ పోయి పొదుగు అందుకుంది.

"దీన్ని ఏంటికి దాసినావన్నా?" అంది సుంకులమ్మ.

"కుంటిది గదక్కా. ఇది కనపడితే తల్లిని గూడా ఎవురూ కొనరని" అన్నాడు ఓబులేసు, తల వంచుకుని.

తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ సంతలో ఈ పిల్ల కనపడి ఉంటే తనూ వద్దనే అనేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. చాలా సిగ్గేసింది. "దీన్నీ నాకియ్యన్నా" అంది. పిల్లను చంకనేసుకుంది. తల్లి వెనకాలే నడిచింది, తాడు అవసరమే పడలేదు.

ఆ తర్వాత ఆ తల్లి ఈనింది, కుంటిపిల్లా పెరిగి ఈనింది. ఏళ్ళు గడిచేసరికి దొడ్డి నిండింది. మందకు ముందు ఆ కుంటిదే నడిచేది. అది మెల్లగా నడుస్తుంది కాబట్టి అన్నీ మెల్లగానే నడిచేవి. వెనకబడే మేక ఒక్కటీ లేక తోడేలు విసిగిపోయి వేరే కొండకు పోయిందట.

అప్పటినుంచి ఎవరైనా మేకను కొనేందుకు తోడు రమ్మంటే సుంకులమ్మ వెళ్ళేది. కన్ను చూసేది, పన్ను చూసేది, పొదుగు చూసేది. చివరికి అమ్మేవాడి ముఖంలోకి చూసి, "దీని పిల్ల యాడుందన్నా?" అని అడిగేది.

ఊ కొట్టడం ఆపేశావే? సరే మరి.

కథేమో కంచి దారి పట్టింది,
మందేమో ఇంటి దారి పట్టింది,
మా చిట్టితల్లికి నిద్ర పట్టింది.