చేపకొయ్య గురమ్మ

సముద్రం ఊరికి ఇంకా అల్లంత దూరాన ఉన్న కాలం. ఇసకమొగ అనే పల్లెలో తెరచాపలు కుట్టే గురమ్మ ఉండేదట. ఒక గాలివాన రోజున అందరి పడవలూ ఒడ్డుకి చేరాయి, ఆమె మొగుడిదే చేరలేదు. అప్పట్నుంచీ దబ్బనమే ఆమెకి తోడు.

ఏటా గంగమ్మ పండక్కి పడవల పందెం జరిగేది. ఏరు సముద్రంలో కలిసే చోట ఆ ఏడంతా మొదటి వల వేసే హక్కు గెలిచినవాడిదే. గురమ్మ తమ్ముడు పోలయ్య పడవ ఎప్పుడూ వెనకే. ఇంకా పెద్ద తెరచాప కుట్టిపెట్టమని అక్కని అడిగాడు.

గురమ్మ పాత తెరచాప ఒళ్లో పరుచుకుంది. ఎప్పుడు చూసినా తెరచాప కట్టే కొయ్య పక్కనే చిరుగు, అక్కడే అతుకు.

"తప్పు తెరచాపది కాదురా. కొయ్యని దాటేసరికే గాలి చెదిరిపోతోంది. కొయ్య మార్చు," అంది.

పోలయ్య నాలుగు పలకల కొయ్య చెక్కి నిలబెట్టాడు. గాలి వచ్చింది. గుడ్డ చేటలా కొట్టుకుంది. ఇది కాదంది గురమ్మ.

గుండ్రంగా, నున్నగా ఇంకోటి చెక్కాడు. గాలి వచ్చింది. కొట్టుకోవడం తగ్గింది గానీ వణుకు మానలేదు. ఇదీ కాదంది గురమ్మ.

ఆ పూట కూరకి వంజరం కోస్తూ చెయ్యి ఆపింది. చేప ముందు లావు, పోనుపోను సన్నం. తమ్ముణ్ణి పిలిచి చూపించింది. పోలయ్య అలాగే చెక్కాడు. లావు వైపు గాలికి ఎదురుగా, సన్నం వైపు తెరచాపకి ఆనించి, గాలి మళ్లితే కొయ్యా మళ్లేలా అడుగున గుంట తీసి నిలిపాడు. గాలి వచ్చింది. గుడ్డ ఉయ్యాల్లో పసిబిడ్డలా సద్దుమణిగింది.

"ఇదేరా," అంది గురమ్మ.

ఆ ఏడు పోలయ్యే గెలిచాడు. కొయ్య సంగతి ఎవరికీ చెప్పొద్దని అక్క చేతులు పట్టుకున్నాడు. ఎన్నేళ్లకో దక్కిన మొదటి వల మరి. గురమ్మకి వాడి ముఖం చూస్తే జాలేసింది.

"నువ్వు ముందు రావాలని కాదురా తమ్ముడా. మీ బావలా ఇంకెవరూ వెనక మిగలకూడదని," అంది.

మర్నాడు గడపగడపకీ వెళ్లి చెప్పింది. పోలయ్య అలిగాడు, రెండు పూటలు అన్నం మానేశాడు. ఆఖరికి తనే బాడిసె పట్టుకెళ్లి పక్కింటివాడి కొయ్య చెక్కిపెట్టాడు.

వానాకాలం వెళ్లకముందే పెద్ద గాలివాన లేచింది. నల్లమబ్బు కనపడగానే చేపకొయ్యల పడవలన్నీ మళ్లాయి. ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. చివరిది ఇసకని తాకాకే అల విరుచుకుపడింది. ఆ రోజు ఊళ్లో ఏడ్చింది గురమ్మ ఒక్కతే, సంతోషం పట్టలేక.

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇసకమొగలో మాత్రం ఇప్పటికీ ముందొచ్చిన పడవవాడు ఇంటికి పోడు. తడిబట్టలతో ఒడ్డునే నిలబడతాడు. చివరి పడవ చేరాక, అందులోంచి దిగినవాడు ఊరి వైపు తిరిగి దణ్ణం పెడతాడు.

"గురమ్మ తల్లీ, అందరం వచ్చేశాం," అంటాడు.

ఆ తర్వాతే అందరూ ఇళ్లకి పోతారు.