నక్క తీసిన జాతుల లెక్క

గోదారి సముద్రంలో కలిసే చోట, ఓ ముసలి మడచెట్టు పక్కన మెరక మీది ఇసుకలో ఓ సముద్రపు పిట్ట రెండు గుడ్లు పెట్టుకుంది. గుడ్లదీ ఇసుకదీ ఒకటే రంగు. అయినా దాని గుండె పొద్దస్తమానం దడదడలాడేది. పోయినేడు నక్క తిని పారేసిన పెంకులు ఇంకా అక్కడే ఉన్నాయి మరి!

ఆ నక్కే ఓ పొద్దున గట్టు దిగి వచ్చింది. గుడ్ల జాడ తెలియకుండా పిట్ట వాటి దగ్గర్నించి లేచి, మడచెట్టు కొమ్మ మీద వాలింది.

"భయపడకు పిన్నీ!" అంది నక్క. "ఎవరి జాతి తరిగిపోతోందో లెక్క తీస్తున్నా. తక్కువున్న వాళ్ళకి కాపలా పెట్టిస్తా. మీదే జాతి మామ్మా?" అని చెట్టుని అడిగింది.

"మాది మడ వంశం నాయనా," అంది చెట్టు. "తెల్లమడ, నల్లమడ, మా అక్కచెల్లెళ్ళు రేవంతా ఉన్నారు. నా రకంలో ఎదిగిన చెట్టు మాత్రం ఇక్కడ నేనొక్కదాన్నే."

"అయ్యో! మరి నువ్వో పిన్నీ?"

"సముద్రం అవతలిదాకా చుట్టాలున్నారు," అంది పిట్ట. "కానీ ఇసుకలో గుడ్లు పెట్టే మా రకం ఏటికేడూ తరిగిపోతోంది."

"వేళ్ళున్నదానికీ రెక్కలున్నదానికీ ఒకటే కష్టం! గుడ్లెక్కడో చెప్పు, కాపలా వేయిస్తా."

కాపలా! ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది పిట్ట. ముక్కు తెరిచింది.

"ఆగవే," అంది చెట్టు. "ఏం నక్కయ్యా, నా మొలకలెక్కడున్నాయో అడగవేం? వాటికి కాపలా అక్కర్లేదా?"

"మొలకల్నెవడు తింటాడు మామ్మా!"

పిట్ట తెరిచిన ముక్కు మూసేసింది. ఈ నక్క తను తినేవాటికే లెక్క తీస్తోంది! వెనక సముద్రం పోటెక్కుతున్న చప్పుడు దానికి తెలుస్తూనే ఉంది. గట్టు మీద తిరిగే నక్కకి తెలీదు.

"అదిగో," అంది పిట్ట ముక్కుతో చూపిస్తూ. "వేళ్ళు ముళ్ళలా పైకి లేచాయే, ఆ బురద చివర."

నక్క ఒక్క దూకు దూకింది. కాళ్ళు మోకాళ్ళదాకా దిగబడ్డాయి. అంతలో నీళ్ళు వచ్చి పొట్టని తాకాయి, మెడని తాకాయి.

"పిన్నీ! మామ్మా! చచ్చిపోతున్నా!"

"నీళ్ళల్లో నేను ఊపిరి తీసుకునేది ఆ వేళ్ళతోనే నాయనా," అంది చెట్టు. "వాటినే పట్టుకో."

తోక నిండా బురదతో, దగ్గుకుంటూ, నక్క ఎలాగో గట్టెక్కి పారిపోయింది. మళ్ళీ ఆ రేవు మొహం చూడలేదు. పిట్ట కొమ్మ దిగి వచ్చి, వెచ్చగా ఉన్న గుడ్ల మీద కూర్చుంది.

కాపలా కాస్తానంటూ వచ్చినవాడు ముందుగా గూడెక్కడని అడిగితే, వాడికి దారి చెప్పకూడదు తల్లీ.