రాళ్లబండి చెక్కలు

దసరా ఊరేగింపులో రాజుగారు గుర్రమెక్కి ముందు వెళ్తే, ఆయన ఖడ్గం పట్టుకుని దివాన్ విరూపాక్షయ్య వెనక రథంలో రావడం ఆ రాజ్యంలో ఆచారం. నిరుడు కొండ కనుమ దిగుతుండగా, వెనక చక్రాలను అదిమి పట్టే చెక్కలు జారిపోయాయి. రథం లోయలో పడి సారథి తిమ్మన్న చనిపోయాడు. రాజుగారు ఆ కొలువు అతని భార్య ఓబులమ్మకే ఇచ్చారు.

ఈ ఏడు ఆమె రథం చక్రాలకు, ఎంత వాలులోనైనా జారని రాళ్లబండి చెక్కలు బిగించి, కలపబండి గొలుసు తగిలించింది. దివాన్ మండిపడ్డాడు.

"రాచరథానికి కూలిబండ్ల సామానా? తాతల నాటి కట్టడి తెలియదూ? ఊడదియ్."

"అలాగేనయ్యా," అని ఓబులమ్మ వాటిని ఊడదీసి రథంలోనే పడేసి, పాతవే బిగించింది.

కనుమ మీదికి చేరగానే, నడుం పట్టేసిందంటూ దివాన్ ఎప్పటిలాగే దిగబోయాడు. ఓబులమ్మ పగ్గాలు బిగించింది.

"ఖడ్గం పట్టుకున్నవారు కోట చేరేదాకా రథం దిగకూడదు కదయ్యా. అదీ తాతల నాటి కట్టడే."

దివాన్ వాలు వైపు చూశాడు. దిగబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఆ రాళ్లబండి చెక్కలే బిగించు."

రథం ఆగిందని వెనక్కి వచ్చిన రాజుగారు అంతా విన్నారు. "మంచి ఉపాయం పన్నావు. ఏం కావాలో కోరుకో," అన్నారు.

ఓబులమ్మ చెక్కలు బిగిస్తూ తలెత్తలేదు.

"నిరుడు మా ఆయన కూడా ఇవే బిగించాడు ప్రభూ. ఊడదియ్యమంటే ఊడదీశాడు. ఇక్కడికొచ్చాక దివాన్‌గారికి చెయ్యందించి, జాగ్రత్తగా దించాడు."