ఈదన్న బల్లెం

అనగా అనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక గూడెం. కథ మొదలైంది మాఘ బహుళ ఏకాదశి, గురువారం నాడు. తెల్లవారుజామున పొగమంచు, మధ్యాహ్నం దాకా మబ్బు, సాయంత్రం నాలుగు చినుకులు. దుమ్ము అణగడానికైనా చాలని చినుకులు. అయినా ఆ తడికే అడవి వాసన లేచి ముసలి ఈదన్న గుడిసెలోకి వచ్చింది. ఆ వాసనకు ఈదన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల అతనంతటి వేటగాడు లేడు. మూడేళ్ల కిందట తేనెపట్టు కోయబోయి, బండ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తేనె మాత్రం ఒలకలేదట. కుండను గుండెకు హత్తుకునే పడ్డాడు. కాలు కంటే కుండే ఎక్కువైందని అతని భార్య బతికినన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది. సరే, అది వేరే కథ. ఆనాటి నుంచి ఈదన్న కొండ ఎక్కలేదు. గుమ్మంలోంచి చూస్తే పొద్దుటి వెలుగులో కొండ చేయి చాస్తే అందేటట్టు ఉండేది. అందేది కాదు.

కిందటి చైత్రంలో ఇప్పపూలు ఏరబోయిన ఇద్దరిని ఎలుగుబంటి చీరింది. ఈసారి పూలు రాలేనాటికి వేటకు సిద్ధం కావాలని గూడెం పెద్దలు అనుకున్నారు. ఈదన్న తన ఇద్దరు కొడుకులు కాటన్ననూ బోడన్ననూ, కూతురు ఈరమ్మనూ పిలిచాడు. గోడకు ఆనించిన పాత బల్లెం చూపించాడు. అతని తాత నాటిది అది. అది ఎవరి చేతిలో ఉంటే వేటలో వారే ముందు నడవాలి.

“నేను కొండెక్కలేను. నా కళ్లు మీరే. ఒక్కొక్కరూ వెళ్లి ఎలుగుకు ఎదురై, చూసింది వచ్చి చెప్పండి. ఎవరి మాటలో నాకు కొండ కనిపిస్తుందో వారిదే ఈ బల్లెం” అన్నాడు.

ఆ గూడెంలో ఎలుగు వేటకు మూడు సిద్ధం చేసుకోవాలి. కర్ర, ఒళ్లు, చూపు. వెదురు కర్రను నెల రోజులు పొయ్యి పైన పొగకు వేలాడదీయాలి. పచ్చి కర్ర ఎలుగు బరువుకు వంగిపోతుంది. ఆ నెలంతా ఒంటికి నూనె, పసుపు తగలకూడదు, పొగాకు ముట్టకూడదు. ఎలుగుకు చూపు తక్కువ, ముక్కు మాత్రం గడుసుది. చివరి మూడు రోజులు వట్టి చేతులతో ఇప్పచెట్ల మధ్య కూర్చోవాలి. ఏమీ చేయకూడదు, చూడాలి అంతే. మగవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

కాటన్న అప్పటికప్పుడు కర్ర నరికి, తళతళలాడాలని కానుగనూనె పట్టించాడు. బోడన్న కర్రను పొగకు కట్టాడు, ఒంటినీ కట్టుబాటులో పెట్టుకున్నాడు. కానీ ఊరికే కూర్చోవడం వాడివల్ల కాలేదు, మొదటి రోజే లేచి వచ్చేశాడు. ఈరమ్మ మూడూ చేసింది.

“చెల్లే, అది బల్లెమా, గంజి కలిపే తెడ్డా?” అన్నాడు కాటన్న, పొగకు నల్లబడిన ఆమె కర్ర చూసి.

“తెడ్డే అన్నా. రోజూ నువ్వు తాగే గంజి దీంతోనే కలుపుతున్నా” అంది ఈరమ్మ.

మూడు కర్రల ఇనుప మొనలకూ ఈదన్నే సాన పట్టాడు. రాతి మీద ఇనుము గీసుకున్న ప్రతిసారీ ఒక పాత వసంతం గుర్తుకొచ్చేది. మొనలు ఎప్పుడో పదునెక్కాయి. అయినా చేయి ఆపలేదు.

చైత్రం వచ్చింది. ఇప్పపూలు రాలాయి.

మొదట కాటన్న వెళ్లి, ఎలుగును చంపానంటూ ఒక గోరు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. పొడుగ్గా, కొడవలిలా వంగిన గోరు. ఈదన్న దాని మీద బొటనవేలు నడిపించాడు.

“కాటా, అడవి ఎలుగు చెదపుట్టలు తవ్వి తవ్వి గోళ్లు అరగదీసుకుంటుంది. ఇది పుట్ట మొహం చూడని గోరు. సంతలో ఆడించే ఎలుగుది” అన్నాడు.

కాటన్న నేల చూశాడు.

రెండో రోజు బోడన్న వెళ్లివచ్చాడు. ఎలుగును పొడిచాననీ, అది లోయలో పడిపోయిందనీ చెప్పాడు. బాగా చెప్పాడు. బండలు చెప్పాడు, వాగు మలుపు చెప్పాడు. ఈదన్న కళ్లు మూసుకున్నాడు. కొండ కళ్ల ముందుకు రాబోయింది. అంతలో గాలి ఎటు నుంచి వీచిందని అడిగాడు. వెనక నుంచి తోసిందన్నాడు బోడన్న.

ఈదన్న కళ్లు తెరిచాడు. “వీపున గాలి ఉంటే ఆ ఎలుగు నీ పేరూ నీ అయ్య పేరూ వాసన పట్టి ఎప్పుడో వెళ్లిపోయేది, నాయనా.”

మూడో రోజు ఈరమ్మ తిరిగివచ్చింది. బల్లెం మొనకు మరక లేదు.

“చంపలేదయ్యా” అంది. “గాలి మొహానికి కొడుతోంది. తెల్లారే వేళ నీళ్ల దొన పక్క బండ చాటున ఉన్నా. అది వచ్చింది. ఉఫ్ఫుమని దుమ్ము ఊది పూలు పీలుస్తోంది. వీపు మీద రెండు పిల్లలు, జూలు పట్టుకొని. ఒకటి నిద్రలో జారితే తల్లి ఆగింది, అది మళ్లీ ఎక్కేదాకా. నేను బల్లెం దించాను. నాకు భయం వేసింది, అదీ చెబుతున్నా.”

“తర్వాత?”

“మన వాళ్లు పూలకు చీకటితోనే చప్పుడు లేకుండా పోయి దాని మీద పడుతున్నారు. పిల్లల తల్లి, ఏం చేస్తుంది? ఎండ పడ్డాక, గట్టిగా మాట్లాడుకుంటూ పోతే అదే తప్పుకుంటుంది. నేను లేచి చప్పట్లు కొడితే తప్పుకుంది.”

ఈదన్న కూతుర్ని దగ్గరికి పిలిచి తల నిమిరాడు. నెల రోజులుగా నూనె ఎరగని ఆ జుట్టు నిండా ఇప్పపూల వాసన. కళ్లు మూసుకున్నాడు. మూడేళ్లుగా దూరమైన కొండ, దొనతో సహా, బండతో సహా వచ్చి అతని ముందు నిలబడింది.

గూడెం ఈరమ్మ మాట విన్నది. ఆ ఏడు ఎవరికీ గాయం కాలేదు. వానలు మొదలయ్యేసరికి ఈదన్న కన్నుమూశాడు.

బల్లెం ఈరమ్మకు వచ్చింది. అబద్ధం ఆడానని మర్నాడే తండ్రి దగ్గర ఒప్పుకున్న బోడన్నకు వేటకుక్కలూ వలా వచ్చాయి. తేనెకుండ ఉమ్మడిగా ఇంట్లోనే ఉండిపోయింది. ఒప్పుకోని కాటన్నకు ఏమీ రాలేదు.

చూడనిది చూశానన్నవాడికి ఉన్నదీ దక్కదు, చూసింది చూసినట్టు చెప్పినవారికి కొండే ఆస్తి.