ఏటి మధ్యలో ఆగిన పడవ

ఏ కాలమో, ఏ సీమో నన్నడక్కండి. ఒక రాజ్యం ఉండేది, దాన్ని వీరకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే కావ్యాల సంగతి తనకు తెలిసినంతగా లోకంలో మరెవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. కవి నోరు తెరిచాడంటే చాలు, "పాత్ర ఎలా ఉంది? శైలి ఎలా ఉంది? కథ జరిగే చోటు కళ్లకు కడుతోందా?" అంటూ వేళ్లు మడిచి తీర్పులు చెప్పేవాడు. పొరుగు రాజులు తమ ఏనుగులను చూసుకుని మురిసిపోతుంటే, ఈయన తన తీర్పులు తలుచుకుని మురిసిపోయేవాడు.

ఆ సభలో తాతల నాటి మర్యాద ఒకటుంది. కథ వినేటప్పుడు రాజుగారు ఊఁ కొట్టాలి. ఆయన ఊఁ అంటేనే కవి తర్వాతి పద్యం ఎత్తుకోవాలి. అనకపోతే కథ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

ఒకసారి ఆస్థానకవి చిట్టన కొత్త కావ్యం వినిపించాడు. అందులో నాయిక రాజకుమారి కాదు, పడవ నడిపే చెన్ని. వరదలో మునిగిపోతున్న ఏటి మధ్య లంక నుంచి జనాన్ని విడతలు విడతలుగా ఒడ్డుకు చేరుస్తుంది. చివరికి పడవలో చోటు చాలక ఒక ముసలమ్మ మిగిలిపోతుంది. "ఇక్కడే ఉండవ్వా, మళ్లీ వస్తా" అని మాటిస్తుంది చెన్ని. ఆ మాట కోసం తిరిగి వెళ్లి ఏటిలో మునిగిపోతుంది.

పద్యం ముగిసేసరికి రాజుగారి మీసాల మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. కొలువంతా తనను చూస్తోందని తెలిశాక ఆ ఏడుపు కాస్తా కోపంగా మారింది.

"బంగారంలాంటి పిల్లను చంపేశావు కదయ్యా!" అని గర్జించాడు. "నా రాజ్యంలో హత్య చేసినవాడికి శిక్ష ఏమిటో తెలుసా? రేపటి కొలువుకు ఆమెను బతికించుకుని రా. లేకపోతే నీ తల ఉండదు."

ఎవరో నవ్వబోయి, రాజుగారి కళ్లు చూసి నోరు మూసుకున్నారు. భటులు చిట్టనను చెరసాలకు తీసుకుపోయారు.

ఆ కొలువులో మాచన అనే మాటకారి ఉండేవాడు. ఎంతటి చిక్కుముడినైనా నవ్విస్తూ విప్పేస్తాడని పేరు. చిట్టనకు ప్రాణస్నేహితుడు. మర్నాడు పొద్దున్నే మాచన చెరసాలకు పరిగెత్తాడు.

"రెండు పద్యాలు మార్చడానికి ఇంత ఆలోచన దేనికయ్యా? పడవను ఒడ్డుకు చేర్చెయ్!"

చిట్టన తల అడ్డంగా ఊపాడు. "ఆ ప్రయత్నమూ అయింది మాచనా. పడవను గట్టున కట్టేశాను. ఆమె విప్పుకుని పోయింది."

"నువ్వు రాస్తేనే కదా ఆమె విప్పేది!"

"కాదు. అవ్వకు మాటిచ్చింది. ఆ మాట ఇచ్చే మనిషి వెళ్లకుండా ఉండదు. వెళ్లకపోతే ఆమె చెన్ని కాదు, ఇంకెవరో. ఇంకెవరినో బతికించుకుని నేనేం చేసుకోను?"

"నీ పిల్లల సంగతేమిటి? వాళ్ల మొహాలైనా చూడవా?"

చిట్టన కళ్లు చెమ్మగిల్లాయి. అయినా మాట మార్చలేదు. మాచనకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇలాంటి మొండివాణ్ణి స్నేహితుడిగా చేసుకున్నందుకు తనను తానే తిట్టుకుంటూ బయటికి వచ్చాడు.

ఇంటికి వెళ్తే అన్నం సయించలేదు. ఏ ఉపాయం తట్టినా అది చిట్టన మొండితనం దగ్గరే కూలిపోతోంది. నిన్నటి కొలువును మొదటి నుంచీ తలుచుకున్నాడు. చెన్ని తాడు విప్పినప్పుడు రాజు ముందుకు వంగాడు. తెడ్డు విరిగినప్పుడు సింహాసనం అంచుకు వచ్చేశాడు. అప్పుడు ఆయన ఏమన్నాడు? మాచన చప్పున లేచి నిలబడ్డాడు. దారి దొరికింది. కానీ అది సన్నటి దారం. స్నేహితుడి తల మొత్తం రాజుగారి గొంతులోంచి వచ్చే ఒక చిన్న చప్పుడు మీద వేలాడాలి. ఆ చప్పుడు రాకపోతే అంతే.

సాయంత్రం కొలువు తీరింది. భటులు చిట్టనను తెచ్చి రాజు ముందు నిలబెట్టారు. తలారి కత్తితో సహా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. రాజు ఉల్లాసంగానే ఉన్నాడు.

"నువ్వు మార్చవని తెలిసే నేనే మార్చి రాశాను. ఇదే సరైన ముగింపు అని ఒప్పుకో, వదిలేస్తాను" అంటూ తాటాకులు చూపించాడు.

మాచన చేతులు జోడించాడు. "ప్రభూ, నేరం హత్య. విచారణ లేకుండా తీర్పు చెబితే మీ న్యాయానికే మచ్చ. ముద్దాయి చేతనే రెండు ముగింపులూ చదివించండి. మీరు ఎప్పటిలాగే వినండి. నేరం ఎవరిదో నేను తేలుస్తాను."

"తేల్చకపోతే?"

మాచన వెళ్లి చిట్టన పక్కన నిలబడ్డాడు. "అతని పక్కనే నా తల కూడా పెడతాను."

ముందు రాజుగారి పద్యాలు. చిట్టన నీరసంగా మొదలుపెట్టాడు. ఏనుగు మీద ఒక మహారాజు వస్తాడు. ఆయనను చూసి ఏరు భయపడి వెనక్కి తగ్గుతుంది. చిట్టన ఆగాడు. రాజు మీసం దువ్వుకుంటూ, ఎవరెవరు మెచ్చుకుంటున్నారా అని చుట్టూ చూస్తున్నాడు.

"ఆగావేం? చదువు!" అన్నాడు.

చెన్ని బంగారు పడవ ఎక్కింది. చిట్టన మళ్లీ ఆగాడు. "చదవవయ్యా!" ముసలమ్మకు పట్టుచీర దక్కింది. "ఊరికే ఆగుతావేం, కానీ!" అలా ఆజ్ఞ మీద ఆజ్ఞతో పద్యాలు పూర్తయ్యాయి. కొలువు ఆహా అంది, ఓహో అంది.

తర్వాత చిట్టన తన పద్యాలు ఎత్తుకున్నాడు. చెన్ని తాడు విప్పింది. ఆగాడు.

రాజు పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. కొలువులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. ఈయన పంతం పట్టాడు, ఇక మూగనోము వదలడు, మా ఇద్దరి పనీ అయిపోయింది అనుకున్నాడు మాచన. చిట్టన మాత్రం పడవను తాడు విప్పిన చోటే ఉంచి, తలవంచుకుని నిలబడ్డాడు. తలారి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు.

"ఊఁ" అన్నాడు రాజు. సన్నగా, తనకే తెలియకుండా.

పడవ కదిలింది. మధ్య ఏటికి వచ్చేసరికి తెడ్డు విరిగింది. "ఊఁ!" అవతల అవ్వ కేకలు వేస్తోంది. "ఊఁ, ఊఁ!" రాజు సింహాసనం అంచుకు జరిగాడు. చెన్ని విరిగిన తెడ్డుతోనే నీళ్లను తోసింది. పెద్ద కెరటం లేచింది. చిట్టన ఆగాడు.

"ఊఁ..." అన్నాడు రాజు. పడవ మీద నీళ్లు కలిసిపోయాయి. కావ్యం ముగిసింది.

"హంతకుడు దొరికాడు ప్రభూ!" అని మాచన అరిచాడు.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "ఎవడు వాడు?"

"కెరటం లేచాక చిట్టన పడవను ఆపేశాడు. ఆమె అప్పటికి బతికే ఉంది. ఈ కొలువులో మీరు ఊఁ అనందే ఒక్క పద్యమైనా కదలదు. మీరు మౌనంగా ఉంటే చెన్ని నేటికీ ఆ పడవలోనే ఉండేది. మరి పడవను ముందుకు తోసిందెవరు మహాప్రభూ?"

కొలువు బిగుసుకుపోయింది. రాజు మొహం ఎర్రబడింది.

"నేనా?" అన్నాడు రాజు.

"మీరొక్కరే కాదు. నేనూ లోలోపల ఊఁ అంటూనే ఉన్నాను. ఆమె వెళ్లక మానదని మనకు తెలుసు. వెళ్లాలనే మనమూ కోరుకున్నాం."

రాజు తన తాటాకుల వైపు చూశాడు. తర్వాత అనుమానంగా అడిగాడు. "మరి నా పద్యాలకు నేను ఊఁ కొట్టలేదా?"

"ఒక్కసారీ కొట్టలేదు ప్రభూ. ఆజ్ఞాపించారు. మీ పడవ బంగారంది, మునగదని మీకు ముందే తెలుసు."

రాజు పెదవులు కదిలాయి. మీసాలు అదిరాయి. ఒక్కసారిగా పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తన తాటాకులను రెండుగా విరిచి తలారి చేతిలో పెట్టాడు. "ఇదిగో, నువ్వు వట్టి చేతులతో వెళ్లకు" అన్నాడు. మెడలోని ముత్యాల దండ తీసి మాచనకు వేశాడు. చిట్టనను దగ్గరికి పిలిచి అడిగాడు.

"తల పోతుందన్నా ఎందుకు మార్చలేదయ్యా?"

"ఆమె వెనక్కి తిరిగితే తమరు ఊఁ అనేవారు కాదు ప్రభూ."

రాజు మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ సంవత్సరమే ఊరి ఏటికి పెద్ద పడవ ఒకటి చేయించాడు, లంకలో ఎవరినీ వదిలి రావాల్సిన అవసరం లేనంత పెద్దది. దానికి చెన్ని అని పేరు పెట్టాడు.

ఆ తర్వాత కూడా కొలువులో కథలు నడిచాయి. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందంటే చాలు, రాజుగారు రెండు చేతులతో నోరు మూసుకునేవారు. చిట్టన ఆగేవాడు. కొలువంతా ఊపిరి బిగబట్టేది. కాసేపటికి ఆ చేతుల వెనక నుంచి సన్నగా వినపడేది, "ఊఁ."