సుడిలో మాసేను పడవ

గవ్వలపేటలో మాసేను, పోలయ్య, ఎల్లాజీ అని ముగ్గురు అన్నదమ్ములు. తెలివంతా తమ ఇంట్లోనే పుట్టి, గడప దాటకుండా అక్కడే ఆగిపోయిందని వాళ్ళ నమ్మకం. పెద్దవాడు మాసేనుకి మరీ గట్టి నమ్మకం.

ఒకనాడు సముద్రాన్ని పరిశోధించే వైదేహి మేడమ్ వాళ్ళ దగ్గరికి వచ్చింది. తమ గ్లైడరు, అంటే రెక్కలున్న పసుపుపచ్చ గొట్టం, పని ముగించుకుని ఒక సుడి దగ్గర పైకి తేలిందట, తెచ్చిపెట్టమంది. దానికి తోసే ఇంజను లేదట. బరువెక్కితే దిగుతుందట, తేలికైతే లేస్తుందట, అలా దిగుతూ లేస్తూ రెక్కల మీద ముందుకి జారుతుందట. సుడిలో పడినా ఎదురుతిరగదట, దాంతోపాటే తిరిగి తిరిగి అంచు నుంచి జారుకుంటుందట.

"క్షేమంగా తెస్తే ఈ ఏడాదంతా మా పనికి మీ పడవే," అంది. ఆ మాట మాసేను పెళ్ళాం నీలమ్మ అప్పుడే పేటంతా చాటేసింది. ఇక తేకపోతే మాసేను తలెత్తుకునేదెలా?

వెళ్ళారు, గొట్టాన్ని పడవలోకి లాగారు. తిరిగొస్తుంటే పడవ సుడిలో చిక్కింది. పోలయ్య ఇంజను జోరు పెంచబోతే మాసేను చెయ్యి పట్టుకున్నాడు. గొట్టానికి అక్కర్లేని ఇంజను మనుషులం మనకెందుకురా, సిగ్గులేదా అన్నాడు. ఇంజను ఆపేశారు. ఇక బరువెక్కాలి. అంతే, మూడు పూటల అన్నం ఒక్కసారే తినేశారు. పడవ దిగలేదు. బకెట్లతో సముద్రాన్ని లోపలికి తోడారు. ఇంకేముంది, పడవలో నడుముల దాకా నీళ్ళు.

"బాగా దిగినాం. ఇప్పుడు లెగాలి," అన్నాడు మాసేను సంతోషంగా.

తేలికవడానికి లంగరు విసిరేశారు, వలలు విసిరేశారు, ఇంజను ఊడదీసి విసిరేశారు. నీళ్ళు మాత్రం ముట్టుకోలేదు, అంత కష్టపడి నింపినవాయె. చివరికి గొట్టం మిగిలింది. మాసేనుకి ప్రాణం ఉసూరుమంది. అయినా దానికి ఈత వచ్చు, ఎల్లాజీకి రాదు. దాన్నీ వదిలేశాడు. సుడి వాళ్ళని తిప్పి తిప్పి, విసుగొచ్చి ఒడ్డువైపు తోసేసింది.

గొట్టమేదని మేడమ్ అడిగింది. జరిగింది విని, ఒళ్ళో కంప్యూటరుతో ఇసకలో కూలబడింది. అందులో ఒక పసుపు చుక్క కనబడుతోంది. అదే మా గ్లైడరు, ఇంకా సుడిలోనే ఉంది అంది ఏడుపు గొంతుతో.

మాసేనుకి ప్రాణం లేచొచ్చింది. దొరికింది కదా. కానీ పాపం, నీళ్ళు లేక ఎండిపోయి చుక్కంతైపోయింది. అంతే, ఆ కంప్యూటరు లాక్కుని అలల్లోకి పరుగెత్తాడు, మెడలోతులో మెల్లగా వదిలిపెట్టాడు.

మాసేను తడిబట్టలతో వచ్చి మేడమ్ పక్కన కూర్చున్నాడు.

"బెంగెట్టుకోకండమ్మా. తేలికవ్వగానే అదే లెగుస్తాది. ఇంజను లేదు కదా, కాస్త నెమ్మదిగా వొస్తాది."